పట్టేసింది

మా అన్నయ్య ఆఖరి మాట "పట్టేసింది". దేవుణ్ణి తలుచుకోలేదు, పెళ్ళాన్ని పిలవలేదు. ఈ సంగతి పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ మా ఆయనే చెప్పాడు. "పోయే ముందు కూడా ఇంజను గురించే అన్నాడండీ, పట్టేసిందని. అలాంటి పనివాడు మళ్ళీ పుట్టడు" అనేవాడు. విన్నవాళ్ళు తలలూపేవాళ్ళు. ఒకాయనైతే జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. బతికుండగా మా అన్నయ్యతో రోజూ తగువు పెట్టుకున్న మనిషి ఆయన.

తల ఊపనిది మా వదిన ఒక్కతే. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విని, "ఇంజను గురించా?" అంది. మా ఆయన అవునన్నాడు. "ఇన్నేళ్ళు కాపురం చేశాను. పోయే ముందు ఆ మనిషి నోట్లోంచి వచ్చింది ఇంజను మాటా?" అని లోపలికి పోయి తలుపేసుకుంది. నేను ఫోటో పెద్దది చేయించి తీసుకెళ్తే గోడకి తగిలించనివ్వలేదు. "అక్కడ ఆ ఇంజన్నే వేలాడదియ్యి. నాకెందుకీ మొహం?" అంది. చచ్చిపోయిన మనిషి మీద అలగడం నేను మొదటిసారి చూశాను. బతికున్నవాళ్ళ మీద అలిగితే బతిమాలడానికి వాళ్ళుంటారు, ఇక్కడ ఆ సౌకర్యం కూడా లేదు.

మాది ముగ్గురి షెడ్డు. ఇంజన్లు అన్నయ్యవి. బ్రేకులూ గేర్లూ చూడటం, బండి నడిపి చూడటం మా ఆయన పని. సీట్లు కుట్టేది నేను. మామూలు కార్లు మా గుమ్మం తొక్కవు. నేలకి జానెడెత్తున పాకుతూ, దిగాలంటే మోకాళ్ళు పట్టుకుని పైకి లేవాల్సొచ్చే పందెపు జాతి కార్లే వస్తాయి. వాటి ఓనర్లు వాటిని నెలకోసారి కూడా నడపరు, మాకు మాత్రం రోజూ ఫోన్ చేస్తారు. అన్నయ్యా, మా ఆయనా ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవాళ్ళు. అది విని విని వీధి వీధంతా ఇద్దరినీ బావ అనే పిలిచేది. పక్కన టైర్ల కొట్టువాడు ఒక బావని కేకేస్తే ఇద్దరూ పలికేవాళ్ళు, ఆ తర్వాత ఏ బావ వెళ్ళాలో తేలక ఇద్దరూ కదిలేవాళ్ళు కాదు.

అన్నయ్య సంగతి ఒకటి చెప్పాలి. ఏ ఇంజనైనా పాడైపోతే ఆయన మాట్లాడడు. బండి లోపల కూర్చుని, వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఎక్కడ ఏం తెగిందో మనసులోనే విప్పి చూసుకుంటాడు. అప్పుడు పలకరిస్తే మీద పడి కరిచినంత పని చేస్తాడు. ఒకసారి టీ తాగుతావా అని అడిగిన పాపానికి గ్లాసు వెళ్ళి గోడకి తగిలింది. అప్పట్నించీ ఆయన అలా కూర్చుంటే మేమెవ్వరం దగ్గరికి పోయేవాళ్ళం కాదు.

ఆ రోజు షెడ్డుకొచ్చింది పళ్ళ డాక్టరుగారి కారు. పసుపు రంగు, రెండే సీట్లు, ఇంజను సీట్ల వెనక ఉంటుంది. గట్టిగా తొక్కితే వెనకాల ఏదో టిక్కుటిక్కుమంటోందని ఆయన ఫిర్యాదు. "పళ్ళు కొరికే శబ్దమైతే నేనే వైద్యం చేసేవాణ్ణి" అని జోకు కూడా వేశాడు. షెడ్డులో నిలబెట్టి ఎంత రేజ్ చేసినా ఆ శబ్దం వినపడలేదు. భారం పడితేనే వస్తుందన్నాడు అన్నయ్య. రోడ్డు మీద ఒక్కసారి చెవులారా వింటే విప్పాలో అక్కర్లేదో తేలిపోతుందని పక్క సీట్లో కూర్చున్నాడు. మా ఆయన స్టీరింగు పట్టుకున్నాడు. భోజనాలయ్యాక ఇద్దరూ బయల్దేరారు.

ఇక్కణ్ణించి మా ఆయన చెప్పిందే. ఊరి బయట జనం తిరగని పొడుగాటి రోడ్డుంది. అక్కడ బండిని వేగం అందుకోనిచ్చాడు. మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతుండగా అన్నయ్య వేలెత్తాడు, వినపడిందన్నట్టు. ఆ వేలు దించకముందే వెనకాల సమ్మెట పెట్టి రేకుని బాదినట్టు ఒక్క చప్పుడు. అద్దంలో రోడ్డు కనపడలేదు, అంతా పొగ. ఇంజనులోని నూనె మొత్తం వెనక టైర్ల మీద పడి, బండి వెనక భాగం పక్కకి కొట్టుకుపోయింది.

అలాంటప్పుడు ఎవరి కాలైనా బ్రేకు మీదికే పోతుంది. తొక్కితే బండి బొంగరమే. మా ఆయన తొక్కలేదు. క్లచ్ నొక్కి ఇంజన్ని చక్రాలనుంచి విడదీశాడు. బండి జారుతున్నవైపుకే స్టీరింగు కొంచెం తిప్పి, మళ్ళీ మెల్లిగా సరిచేసి, దాని ఊపు మీద దాన్ని పోనిచ్చి, రోడ్డు పక్క మట్టిలోకి దించి ఆపాడు. బండికి ఎక్కడా గీత పడలేదు. దీనికి ఆయన్ని మెచ్చుకోనివాళ్ళు లేరు. నేనూ మెచ్చుకున్నాను. నా మొగుడని కాదు, అలా ఆపడం నిజంగానే అందరివల్లా కాదు.

బండి ఆగింది. మా ఆయన తలుపు తీస్తుంటే పక్కనుంచి అన్నయ్య "పట్టేసింది" అన్నాడు. "తెలుసు బావా, నువ్వు కూర్చో, నేను చూసుకుంటా" అని మంటలార్పే సిలిండరు పట్టుకుని మా ఆయన వెనక్కి పరిగెత్తాడు. వేడి గొట్టాల మీద నూనె పడి అంటుకుంటోంది. ఆర్పేశాడు. పొడి సర్దుకున్నాక వంగి చూస్తే ఇంజను పక్కగోడకి పిడికిలి పట్టేంత చిల్లు. లోపల రాడ్డు విరిగి, గోడ పగలగొట్టుకుని బయటికి ఎగిరిపోయింది. వెనక వచ్చే బళ్ళు నూనె మీద జారతాయని రోడ్డంతా మట్టి చల్లాడు. విరిగిన ముక్కలు ఏరాడు, బావ చూడాలంటాడని. మధ్యలో ఒకసారి తలెత్తి చూశాడు. అన్నయ్య వెనక్కి వాలి కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. మాకందరికీ తెలిసిన కూర్చోవడమే కదా, కదిలించకూడదనుకున్నాడు. ముక్కలన్నీ గుడ్డలో మూటకట్టి తెచ్చి, "బావా, ఇదిగో" అని ఒళ్ళో పెట్టబోతే ఆ చేతులు అందుకోలేదు.

గుండె ఆగిపోయిందన్నారు ఆస్పత్రిలో. కాస్త ముందు తెచ్చుంటే బతికేవాడా అని అడిగాను. "చెప్పలేమమ్మా" అన్నాడు డాక్టరు. అందరూ కలిసి ఒక మాట అనేసుకున్నారు. ఆ చప్పుడుకి అదిరిపోయి, ఇంజను సంగతి ఒక్కటి చెప్పి, కళ్ళు మూసుకుని నిద్రలోకి జారినట్టు పోయాడని. వినడానికి బాగానే ఉంది. నేనూ కొన్నాళ్ళు దాన్నే పట్టుకుని బతికాను.

ఆ కారుని లారీ మీద తెచ్చి షెడ్డులో మూలన పెట్టారు. మా ఆయన దానిమీద టార్పాలిన్ కప్పి, నాలుగు పక్కలా తాళ్ళు బిగించాడు. మిగతా బళ్ళ పని చేస్తున్నాడు, తింటున్నాడు, అడిగితే మాట్లాడుతున్నాడు. ఆ మూలకి మాత్రం పోడు. అటువైపున్న పనిముట్లు కావాలన్నా నన్ను తెచ్చిపెట్టమంటాడు. బాధలే అనుకుని తెచ్చిచ్చేదాన్ని.

ఒకరోజు పళ్ళ డాక్టరు, ఇంజన్లు బోరు కొట్టే లేత్ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు. నా ఏనుగు ఎంతవరకు చచ్చిందో చూద్దామని" అన్నాడు. మళ్ళీ ఆయనే నాలిక్కరుచుకుని, చావు మాట ఈ షెడ్డులో అనకూడదని గుర్తొచ్చి, గోడమీద టైర్ల కంపెనీ క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

మేస్త్రీ టార్పాలిన్ ఎత్తి చిల్లులోకి టార్చి వేసి చూశాడు. "తిప్పి చూశారా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న ఏమిటో చెప్తాను. ఇంజను పట్టేయడమంటే లోపల తిరిగేవన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని, కాడెద్దుల్ని కట్టి లాగినా కదలకపోవడం. రాడ్డు విరిగినప్పుడు దాని ముక్క లోపల అడ్డంపడితే పట్టేస్తుంది. ముక్క బయటికి ఎగిరిపోతే మిగిలిందంతా తిరుగుతూనే ఉంటుంది. రెంటిలో ఏదో తెలియాలంటే చివరనున్న పెద్ద బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పి చూడాలి. పోయిన ఇంజను ఏది వచ్చినా మా షెడ్డులో మొట్టమొదట చేసే పని అది. రోగి వస్తే నాడి చూసినట్టు.

"పట్టేసింది" అన్నాడు మా ఆయన.

"తిప్పి చూశారా అంటున్నా."

"బావ చెప్పాడు కదా."

మేస్త్రీ చేతిలోని పానా కిందపెట్టేశాడు. "ఆయన చెప్పాడంటే ఇంక తిప్పేదేముంది" అన్నాడు, తప్పు చేసినవాడిలాగా. మా అన్నయ్య చెవి మీద ఈ ఊళ్ళో అంత నమ్మకం. ఇంజను శబ్దం విని లోపల ఏ ముక్క ఎంత అరిగిందో చెప్పేవాడు. పోయాక కూడా ఆయన మాటకి ఎదురులేదు. నేను చూసింది ఒకటే. మేస్త్రీ పానా ఎత్తినప్పుడు మా ఆయన వెళ్ళి ఆ కారుకి అడ్డంగా నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. చూశాను గానీ ఏమీ అనుకోలేదు.

ఆ మర్నాడు వదిన దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య చొక్కాలన్నీ బయటపడేసి, మరకలున్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు వేస్తోంది. లేనివైపు రెండో మూడో ఉన్నాయి. నేనూ కూర్చుని మడతలు పెడుతున్నాను. వదిన తిట్లు మామూలే. నేను వింటున్నట్టు తలాడిస్తున్నాను.

"ఆ పొద్దున నాతో మందు రాయించుకున్నాడు, తెలుసా నీకు?" అంది. "భుజం పట్టేసింది, రాయవే అని కూర్చున్నాడు. ఇక్కడ కాదు పైకి, అక్కడ కాదు కిందకి అని ప్రాణం తోడేశాడు. నా చేతి మందు వాసన ఇంకా ఒంటిమీద ఉండే ఉంటుంది అమ్మాయ్. ఆ ఒంటితో పోయి, పోయే ముందు ఇంజను అంటాడా?"

నా చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "ఏ భుజం వదినా?" అన్నాను.

"ఎడంది. ఏం?"

"ఏం లేదు."

అదే మాట వదిన నోటినుంచీ వచ్చింది. కోపంలో ఆమెకి వినపడలేదు. నాకు వినపడింది. ఇంజనూ పట్టేస్తుంది. మెడా పట్టేస్తుంది, నడుమూ పట్టేస్తుంది, భుజమూ ఛాతీ పట్టేస్తాయి. అన్నిటికీ మనకున్నది ఈ ఒక్క మాటే. ఏది పట్టేసిందో విడిగా చెప్పం. ఎదుటివాడికి తెలుస్తుందిలే అన్న ధీమా.

ఆ పూటంతా అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయాను. అన్నయ్య ఇంజను గురించే అని ఉంటే మా ఆయన బతికిపోతాడు, కానీ వదిన బతికినన్నాళ్ళూ చచ్చిపోయిన మొగుడిమీద పళ్ళు నూరుతూనే ఉంటుంది. ఛాతీ గురించి అని ఉంటే వదినకి ఆమె మొగుడు తిరిగి దక్కుతాడు. నాకు నా మొగుడు మిగులుతాడో లేదో చెప్పలేను. ఎవరినీ అడగక్కర్లేదు. షెడ్డులో టార్పాలిన్ కింద ఆ ఇంజను ఉంది. పట్టేసి ఉంటే కదలదు. రాడ్డు ఎగిరిపోయి, మిగతాది తిరుగుతూ ఉండగా దాన్ని పట్టేసిందనే మనిషి కాదు మా అన్నయ్య. నిద్రలో లేపి అడిగినా ఆ పొరపాటు చెయ్యడు.

మర్నాడు మా ఆయన టైర్ల కొట్టుకి వెళ్ళినప్పుడు తాళ్ళు విప్పాను. రెండు సీట్లూ ఊడదీశాను. అది ఎలాగూ నా పనే, మంటలార్పిన పొడి స్పాంజి లోపలికంతా దిగిపోయింది. అన్నయ్య కూర్చున్న సీటుని గోడవైపు తిప్పి పెట్టాను. సీట్ల వెనక ఒక రేకు పలక ఉంటుంది, దాన్ని తీస్తే ఇంజను ముందు భాగమూ ఆ బోల్టూ కనపడతాయి. పానాకి అన్నిటికంటే పొడుగు పిడి తగిలించాను. ఇంతలో మా ఆయన వచ్చాడు.

"ఏం చేస్తున్నావ్?"

"సీట్లు తీశాను."

"పలక ఎందుకు తీశావ్?"

"తిప్పి చూద్దామని."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"పట్టేసిందని చెప్పాడు కదా!" అని అరిచాడు. పెళ్ళయ్యాక నా మీద అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

"పట్టేస్తే కదలదు కదా. కదలనిదాన్ని తిప్పితే మీకేం పోయింది?" అన్నాను.

ఆయన మొహం చూసి ఆపేద్దామనుకున్నాను కూడా. నిజం చెప్తున్నాను, అది కదలకూడదని ఆ క్షణంలో నేను కోరుకున్నంత గట్టిగా ఎవరూ కోరుకుని ఉండరు. ఒంట్లో బరువంతా పిడిమీద వెయ్యాలని కాళ్ళు దన్నిపెట్టి నిలబడ్డాను. అంత బరువు అక్కర్లేకపోయింది. పిడి నా చేతుల్లోనే కిందికి దిగింది. ఒకచోట కాస్త మొరాయించి, లోపల గాలి బుస్సుమని వదిలి, మళ్ళీ జారింది. పానా మార్చి మార్చి వేసి పూర్తిగా ఒక చుట్టు తిప్పాను.

ఆయన పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. "ఇంకోసారి తిప్పు" అన్నాడు. ఏదో ఒకచోట అడ్డుపడకపోతుందా అన్న ఆశ ఆ గొంతులో. ఇంకోసారి తిప్పాను. ఎక్కడా అడ్డుపడలేదు.

"బండిని లారీ ఎక్కించేటప్పుడే తిప్పి చూద్దామనుకున్నా. చెయ్యి రాలేదు. అంటే నాకు అప్పుడే తెలుసు కదా?" అన్నాడు. నన్నే అడిగాడు. ఆయన్ని పట్టుకుని నాలుగు బాదాలనిపించింది. దగ్గరికి తీసుకుని తల నిమరాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. పోయినవాడు నా అన్న, ఎదురుగా ఉన్నవాడు నా మొగుడు, ఎవరివైపు నిలబడి ఏడవాలో నాకు తెలియలేదు.

"అక్కకి చెప్పాలి" అన్నాడు. మా వదినని ఆయన అక్కా అనే పిలుస్తాడు.

"ఎందుకు? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారా? చెప్తే మీ మొహం చూస్తుందా ఆవిడ?" అన్నాను. అంత కష్టపడి నిజం బయటికి లాగిన నేనే దాన్ని మళ్ళీ టార్పాలిన్ కింద కప్పేద్దామని చూశాను. ఆయన వినలేదు. సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నాడు, గోళ్ళలోంచి మట్టి తీసుకున్నాడు, చొక్కా మార్చుకున్నాడు. ముందు ఆయన, వెనక నేను నడిచాం.

వదిన ఎండలో ఆరేసిన దుప్పట్లు తీసుకుని లోపలికి వస్తోంది. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, బావ ఇంజను గురించి అనలేదు" అన్నాడు. "అది పట్టెయ్యలేదు. ఇప్పుడే తిప్పి చూశాం, తిరిగింది. ఆయన ఛాతీ పట్టేసిందని చెప్పాడు. నాకర్థం కాలేదు."

వదిన మొహంలో ముందు వచ్చింది కోపం కాదు. ఇన్నాళ్ళూ బిగించి పెట్టుకున్న దవడ వదులైంది. దుప్పట్లు గుండెకి హత్తుకుని, "ఇంజను గురించి కాదా?" అంది, చిన్నపిల్లలాగా. కాదన్నాడు. "నేను రాసిన చోటేనా?" అంది. ఏమో అక్కా, అయ్యుంటుంది అన్నాడు. వదిన మంచం అంచున కూర్చుంది. అన్నయ్య పోయాక ఆమె ఏడవడం అప్పుడే చూశాను. నిశ్శబ్దంగా, తలొంచుకుని ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని తలెత్తింది.

"ఆయన అలా అన్నప్పుడు నువ్వేమన్నావు తమ్ముడూ?" అని అడిగింది.

ఏమీ అనలేదని చెప్పొచ్చు. మంట ఆర్పడానికి పరిగెత్తాను, సరిగ్గా వినలేదని చెప్పొచ్చు. అలా చెప్పమని నేను వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకుని లాగాను.

"తెలుసు బావా, నువ్వు కూర్చో, నేను చూసుకుంటా అన్నాను."

వదిన ఆ మాటలు పెదాల మీద మళ్ళీ ఒకసారి అనుకుంది. "అదీ సంగతి" అంది. "ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడేంటా అని ఆలోచిస్తున్నా. ప్రాణం మీదికొస్తే మనిషి అరుస్తాడు కదా. హారన్ కొడతాడు, తలుపు తోసుకుని పడతాడు. ఎందుకు ఊరుకున్నాడు? నువ్వు తెలుసన్నావు. చూసుకుంటానన్నావు. ఆయన నమ్మాడు తమ్ముడూ. నువ్వొస్తావని కూర్చున్నాడు."

మా ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మని వదిన అనలేదు. నేనూ అనలేదు.